చలికాలంలో తలంటు, నూనె, చుండ్రు: తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబరు మొదలు శివరాత్రి వరకు జుట్టు గురించి వినిపించే ప్రశ్నలు ఏటా దాదాపు ఒకటే. వాటికి జవాబులు వెతుకుతూ వెళితే చివరికి తేలే సంగతి ఇది: మన దగ్గర పడే చలి జుట్టును పెద్దగా ఏమీ చేయదు. చలికి భయపడి మనం చేసే పనులే చేస్తాయి. సెగలు కక్కే నీళ్లు, వారాల తరబడి వాయిదా పడే తలంటు, ఆరకముందే అల్లేసే జడ, రాత్రింబవళ్లు తల దిగని మంకీ క్యాప్. కింది జవాబుల్లో ఇదే మాట పదేపదే ఎదురైతే విసుక్కోవద్దు.

చలికాలం రాగానే జుట్టు ఎందుకు గరుకుగా తయారవుతుంది?

వెంట్రుక పైపొర పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకున్న సన్నని పొలుసులతో ఉంటుంది. అవి సర్దుకుని ఉన్నప్పుడు జుట్టు మెరుస్తుంది, దువ్వెన జారుతుంది. లేచి ఉంటే ఒక వెంట్రుక ఇంకొక వెంట్రుకను పట్టుకుని చిక్కులు పడతాయి.

ఇక తేమ సంగతి. గాలి చల్లబడిన కొద్దీ నీటి ఆవిరిని పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. ఒక ఘనపు మీటరు గాలిలో 30 డిగ్రీల దగ్గర సుమారు 30 గ్రాముల ఆవిరి ఇమిడితే, 10 డిగ్రీల దగ్గర 9 గ్రాములకు కాస్త మించి ఇమడదు. తెల్లవారుజామున ఉన్న ఆ కొద్ది ఆవిరే మధ్యాహ్నం వేడెక్కిన గాలిలో ఏ మూలకూ చాలదు. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం, ఆదిలాబాదు వంటి చోట్ల జనవరి మధ్యాహ్నాలు పెదాలు పగిలేది అందుకే. వెంట్రుకలో ఉన్న తేమ కూడా చుట్టూ ఉన్న గాలిని బట్టే పెరుగుతుంది, తరుగుతుంది. పైగా అదే సమయంలో మనం నీళ్ల వేడి పెంచుతాం, మాడు నుంచి ఊరే సహజమైన జిడ్డును కడిగేస్తాం.

మాది కోస్తా. ఇక్కడ గాలి పొడిగా ఉండదు కదా?

నిజమే. కాకినాడ, మచిలీపట్నం, విశాఖపట్నం వంటి చోట్ల చలికాలంలోనూ గాలిలో తేమ ఉంటుంది. అక్కడ జుట్టు పొడిబారడం కన్నా తలంటుకున్నాక త్వరగా ఆరకపోవడం, దానివల్ల వచ్చే ముక్క వాసన, చుండ్రు ఎక్కువ ఇబ్బంది పెడతాయి. లంబసింగి, అరకు వైపు, ఆదిలాబాద్, కుమురం భీం జిల్లాల్లో కథ వేరు. పాదరసం 10 డిగ్రీల కిందికి దిగడం అక్కడ ఏటా ఉండేదే. ఊరిని బట్టి సలహా మారుతుందన్న సంగతి వీడియోలు చూసి నూనెలు మార్చేవారు గుర్తుంచుకోవాలి.

చలికాలంలోనే జుట్టు ఎక్కువగా రాలుతోంది. చలి వల్లేనా?

చాలామంది విషయంలో కాదు. తల మీద ఉండే సుమారు లక్ష వెంట్రుకల్లో ఏ రోజు చూసినా నూటికి 85 నుంచి 90 వరకు పెరుగుతూ ఉంటాయి. మిగిలినవి విశ్రాంతి దశలో రెండు మూడు నెలలు ఉండి రాలిపోతాయి. ఆ లెక్కన రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం మామూలు విషయం. చలికి బద్ధకించి వారానికో పది రోజులకో తలంటుకునేవారికి అన్ని రోజుల వెంట్రుకలూ ఒకేసారి స్నానాల గది జాలీ మీద కనిపిస్తాయి. గుండె జారిపోతుంది. రోజుల లెక్కన భాగించి చూసుకుంటే చాలాసార్లు అది మామూలు సంఖ్యే.

నిజంగానే కుచ్చులు కుచ్చులుగా వస్తుంటే రెండు మూడు నెలలు వెనక్కి వెళ్లి ఆలోచించండి. తీవ్రమైన జ్వరం, కాన్పు, ఆపరేషన్, కడుపు మాడ్చుకుని చేసిన డైటింగ్ వంటివి శరీరాన్ని కుదిపినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి పోతాయి. ఆ రోజున ఏమీ తెలియదు. రాలేది రెండు మూడు నెలల తర్వాత. మన దగ్గర డెంగీ, ఇతర వైరల్ జ్వరాలు వానాకాలంలోనూ ఆ వెనకా ఎక్కువ. ఆగస్టు, సెప్టెంబరులో మంచం పట్టిన మనిషికి నవంబరు, డిసెంబరులో జుట్టు ఊడుతుంది. నింద మాత్రం చలి మీదో, కొత్తగా మార్చిన షాంపూ మీదో పడుతుంది. ఇలా రాలేది సాధారణంగా ఆరు నెలల లోపు తనంతట తానే తగ్గి, జుట్టు తిరిగి వస్తుంది. ఈలోగా వేలు పోసి కొన్న నూనె ఏదైనా సరే, ఆ ఘనత అంతా దానికే దక్కుతుంది.

స్విట్జర్లాండ్‌లో 823 మంది మహిళల జుట్టును పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో విశ్రాంతి దశలో ఉన్న వెంట్రుకల వాటా జులైలో ఎక్కువగా, చలికాలం చివర్లో తక్కువగా కనిపించింది. అది చలిదేశపు లెక్క, మనకు అచ్చంగా వర్తించాలని లేదు. అయినా చలి వల్ల కుదుళ్లు బలహీనపడతాయనే మాటకు అందులో బలం దొరకదు.

ఊడటం వేరు, తెగడం వేరు. కింద పడిన వెంట్రుక ఒక చివర చిన్న తెల్లని బొడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది. పొట్టిగా, బొడిపె లేకుండా ఉంటే మధ్యలో తెగింది. చలికాలంలో పెరిగేది ఎక్కువగా రెండోది. దాని మందు దువ్వెన పట్టే తీరులోనూ నీళ్ల వేడిలోనూ ఉంది.

వేడినీళ్లతో తలస్నానం చేయవచ్చా?

గోరువెచ్చగా అయితే చేయవచ్చు. మణికట్టు లోపలి వైపు పోసుకుంటే వేడి అనిపించని నీళ్లు తలకు సరిపోతాయి. ఒంటికి హాయినిచ్చే వేడి తలకు ఎక్కువే అవుతుంది. కాబట్టి ముందు తలంటు పూర్తి చేసి జుట్టు పైకి ముడేసుకుని, ఆ తర్వాత ఒంటికి కావలసినంత వేడి పెట్టుకోవడం సులువైన ఉపాయం. చివర్లో చన్నీళ్లు కుమ్మరించుకుంటే జుట్టు మెరుస్తుందని చెబుతారు. వణుకుతూ చేయాల్సినంత లాభం అందులో లేదు.

ఒక్క ముఖ్యమైన మాట. గ్యాస్ గీజరు వాడేవారు స్నానాల గది కిటికీ తెరిచే ఉంచాలి. చలి వస్తుందని అన్నీ మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. ప్రాణాలు పోతాయి.

వారానికి ఎన్నిసార్లు తలంటుకోవాలి?

మామూలు జుట్టుకు వారానికి రెండుసార్లు. బాగా పొడిగా, ఉంగరాలు తిరిగిన జుట్టుకు ఒకసారి. జిడ్డు మాడు ఉన్నవారు, రోజూ హెల్మెట్ పెట్టుకుని దుమ్ములో తిరిగేవారు చలి పేరు చెప్పి తగ్గించకూడదు. షాంపూ మాడుకు మాత్రమే రాయాలి. కడిగేటప్పుడు కిందికి జారే నురగ కొసలకు చాలు. కండిషనర్ దీనికి తలకిందులు: కొసలకే గానీ మాడుకు వద్దు.

కొబ్బరినూనె గడ్డకట్టింది. కల్తీ అనుకోవాలా? చలికాలానికి ఏ నూనె మంచిది?

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరులో గట్టిపడటం దాని స్వభావం. గడ్డకట్టింది కాబట్టి అసలైనదేనని కూడా అనుకోనక్కర్లేదు, కల్తీ తేల్చడానికి ఆ పరీక్ష చాలదు. సీసాను కాసేపు వేడినీళ్ల గిన్నెలో నిలబెడితే కరుగుతుంది. ప్లాస్టిక్ సీసాను పొయ్యి దగ్గర పెట్టవద్దు.

నూనెల్లో దేని పని దానిది. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం చిన్న అణువు. అది వెంట్రుక లోపలికి దిగగలదు. 2003లో వెలువడిన ఒక ప్రయోగంలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూస్తే, జుట్టు నుంచి మాంసకృత్తులు పోకుండా ఆపగలిగింది కొబ్బరినూనె ఒక్కటే. మన నాయనమ్మలకు ఈ లెక్కలు తెలియవు గానీ సీసా మాత్రం సరైనదే పట్టుకున్నారు.

నువ్వుల నూనె మన చలికి గడ్డకట్టదు, పలచగా పరుచుకుంటుంది. భోగి నాడు నువ్వుల నూనెతో తలంటడం ఊరికే వచ్చిన ఆచారం కాదనిపిస్తుంది: కొబ్బరినూనె రాయిలా ఉండే రోజుల్లో చేతికి వచ్చేది అదే. ఆముదం బాగా చిక్కన. ఒకటికి మూడు పాళ్లు కొబ్బరినూనె కలపకుండా రాస్తే వదిలించుకోవడానికి రెండుమూడు సార్లు షాంపూ పెట్టాల్సి వస్తుంది, దాంతో మొదటికే మోసం. పొడవు జుట్టుకు పట్టించి గట్టిగా రుద్దితే విడదీయలేనంతగా ముద్ద కట్టిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఆముదం జుట్టు మొలిపిస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. కనుబొమలకు రాసుకోవాలని ముచ్చటగా ఉంటే రాసుకోండి.

నూనె రాత్రంతా ఉంచాలా?

అక్కర్లేదు. తలంటుకు గంట, రెండు గంటల ముందు రాసుకుంటే చాలు. ఆ పూత తడిసినప్పుడు జుట్టు అతిగా ఉబ్బకుండా కాపాడుతుంది, షాంపూ దెబ్బను తగ్గిస్తుంది. చుండ్రు లేనివారు రాత్రి రాసుకుని పడుకున్నా నష్టం లేదు, దిండు గలీబు తప్ప. చుండ్రు ఉన్నవారు మాత్రం కింది జవాబు చదివాక నిర్ణయించుకోండి.

చలికాలంలో చుండ్రు ఎందుకు పెరుగుతుంది? నూనె రాస్తే తగ్గుతుందా?

ఎక్కువగా పొరబడేది ఇక్కడే. తెల్లగా పొట్టు రాలుతోంది, మాడు ఎండిపోయింది, కాబట్టి నూనె దట్టించాలి అనే తర్కం వినడానికి బాగుంటుంది. అసలు చుండ్రుకు మూలం మలసేజియా అనే శిలీంధ్రం. అది ఏ శత్రువో కాదు, దాదాపు ప్రతి మనిషి మాడు మీదా ఉంటుంది. తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను తాను తయారు చేసుకోలేదు. మాడు మీది జిడ్డునే తిని బతుకుతుంది, తిన్నాక మిగిల్చే పదార్థాలు కొందరి చర్మాన్ని రెచ్చగొడతాయి. దురద, పొలుసులు అలా వస్తాయి. అంటే మనం ప్రేమగా రాసే నూనె దానికి విందు. పొట్టు నూనెకు అంటుకుని రెండు రోజులు రాలకుండా ఉండటంతో తగ్గిందని అనిపిస్తుంది.

చలికాలంలో తలంటు తగ్గుతుంది, మాడు మీద జిడ్డు పేరుకుంటుంది, దాని మీద ఉన్ని టోపీ. మలసేజియాకు ఇంతకన్నా మంచి రోజులు రావు.

నిజంగా పొడి మాడు వల్ల రాలే పొట్టు వేరుగా ఉంటుంది: చిన్నగా, పొడిపొడిగా, తెల్లగా ఉంటుంది, తరచూ కాళ్లూ చేతులూ కూడా తెల్లబారి ఉంటాయి. అలాంటివారికి తలంటుకు ముందు నూనె మేలు చేస్తుంది. చుండ్రు పొలుసులు కాస్త పెద్దవి, పసుపు ఛాయలో జిడ్డుగా ఉంటాయి. మాడు ఎర్రబడుతుంది, కనుబొమల్లో, ముక్కు పక్కన, చెవుల వెనక, కొందరు మగవారికి గడ్డంలోనూ కనిపిస్తుంది.

చుండ్రుకు కీటోకొనజోల్, జింక్ పైరిథియోన్, సెలీనియం సల్ఫైడ్ ఉన్న షాంపూలు పనిచేస్తాయి. చాలామందికి ఇవి పనిచేయకపోవడానికి కారణం ఒక్కటే: రాసిన వెంటనే కడిగేస్తారు. మాడుకు పట్టించి 5 నిమిషాలు ఉంచాలి. ఆ 5 నిమిషాలు చలిలో చాలా పొడవుగా ఉంటాయి, నిజమే. ముందు తలకు పట్టించి, ఒళ్లు రుద్దుకుని, తర్వాత కడుక్కుంటే సమయం తెలియదు. వారానికి రెండుసార్లు చొప్పున నెల రోజులు వాడి, తగ్గాక వారం, రెండు వారాలకోసారి కొనసాగించాలి. చుండ్రు పూర్తిగా పోయేది కాదు, అదుపులో ఉండేది. శాశ్వతంగా పోగొడతామని రాసిన సీసా కనిపిస్తే కొనకుండా వచ్చేయండి.

నిమ్మరసం, పుల్లటి పెరుగు, వేపాకు నీళ్లు?

వేపాకు కాచిన నీళ్లతో కడుక్కుంటే హాని లేదు, కొందరికి దురద కొంత తగ్గినట్టు అనిపిస్తుంది. పెరుగు జుట్టును కాసేపు మెత్తబరుస్తుంది, అంతే. నిమ్మరసం మాత్రం నేరుగా వద్దు. గోకిన మాడు మీద భగ్గుమంటుంది. నిమ్మరసం రాసుకుని చలి కాచుకోవడానికి ఎండలో కూర్చుంటే నుదుటి మీదికి కారిన చోట చర్మం కమిలి నల్లటి మచ్చలు పడతాయి, అవి వారాల పాటు పోవు.

కుంకుడుకాయలా, షాంపూనా?

కుంకుడులోని సాపోనిన్లు నురగనిచ్చి జిడ్డును వదిలిస్తాయి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఒంటి సబ్బుతో తల రుద్దుకుంటే అవి కలిసి తెల్లటి మడ్డిగా జుట్టుకు అంటుకుంటాయి. కుంకుడుకు ఆ బెడద లేదు. అయితే సహజమైనది కాబట్టి మృదువైనదని అనుకోవద్దు. చిక్కటి కుంకుడు రసం జిడ్డును పూర్తిగా లాగేస్తుంది, చలికాలంలో అది బాగా తెలుస్తుంది.

చలికాలానికి ఇలా చేయండి. కాయలు కొట్టి గింజలు తీసి, రాత్రి వేడినీళ్లలో నానబెట్టండి. పొద్దున పిసికి వడకట్టి, మామూలు కన్నా పలచగా చేసుకోండి. అందులో నాలుగు మందారాకులు నలిపిన జిగురో, చెంచాడు నానబెట్టిన మెంతుల ముద్దో, లేదంటే పలచని గంజో కలిపితే జుట్టు చిక్కుపడదు. వడకట్టడంలో బద్ధకిస్తే పిప్పి తల్లో మిగిలి అచ్చం చుండ్రులా కనిపిస్తుంది. పిల్లలకైతే తల వెనక్కి వంచి పోయండి. కళ్లలో పడితే వచ్చే మంట తెలుగునాట పుట్టిన ఎవరికీ వర్ణించి చెప్పక్కర్లేదు.

సమయం లేనివారు సల్ఫేట్లు తక్కువగా ఉన్న షాంపూ వాడుకుంటే తప్పేమీ లేదు. కుంకుడు వాడటం గొప్పా కాదు, షాంపూ వాడటం నేరమూ కాదు.

తల తడిగా ఉంటే జలుబు చేస్తుందా?

జలుబు తెచ్చేది వైరస్. తడి జుట్టు వైరస్‌ను పుట్టించదు. కానీ తడి తలతో చల్లగాలికి తిరిగితే వణుకు వస్తుంది, సైనస్ బాధ ఉన్న కొందరికి తలనొప్పి మొదలవుతుంది. అమ్మ మాట వినడం వల్ల నష్టం లేదు, ఆవిడ చెప్పే కారణం సరిగ్గా లేకపోయినా.

జుట్టు త్వరగా ఆరబెట్టడం ఎలా? డ్రయ్యర్ వాడితే పాడవుతుందా?

తడిసిన వెంట్రుక పొడి వెంట్రుక కన్నా బలహీనం. అందుకే తువ్వాలుతో జుట్టును టపటపా కొట్టి దులపడం, తడి మీద సన్నపళ్ల దువ్వెనతో లాగడం మానాలి. పాత నూలు చీర ముక్కో, మెత్తని నూలు తువ్వాలో చుట్టి పది నిమిషాలు వదిలేస్తే సగం నీళ్లు అదే పీల్చుకుంటుంది. తర్వాత వేళ్లతో చిక్కు తీసి, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి.

డ్రయ్యర్ మీద ఉన్న భయం కొంత అతి. కొరియాలో చేసి 2011లో ప్రచురించిన ప్రయోగంలో, 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచి కదుపుతూ ఆరబెట్టినప్పుడు వెంట్రుక పైభాగం కొంత దెబ్బతిన్నా, గంటల తరబడి తడిగా వదిలేసిన జుట్టులో లోపలి పొరకు నష్టం కనిపించింది. దగ్గరగా పెట్టి ఒకే చోట ఊదితే మాత్రం వేడి 95 డిగ్రీల వరకు పోయింది. కాబట్టి జానెడు దూరం, తక్కువ వేడి, కదులుతూ ఉండే చెయ్యి. తడి జుట్టు మీద స్ట్రెయిటనర్ పెట్టడం వేరే విషయం. వెంట్రుక లోపలి నీరు ఆవిరై బుడగలు కట్టి, అక్కడే తెగుతుంది.

తలంటు మధ్యాహ్నం ఎండ ఉండగా పెట్టుకోగలిగితే ఈ తంటాలేవీ లేవు. ఉద్యోగాలకు వెళ్లేవారికి అది ఆదివారం మాటే.

సాంబ్రాణి పొగ?

వాసన బాగుంటుంది. జుట్టు ఆరేది బొగ్గుల వేడికి, పొగకు కాదు. కిటికీలు తెరిచిన గదిలో, ఉబ్బసం లేని పెద్దవాళ్లు కాసేపు పట్టించుకుంటే ఫరవాలేదు. పసిబిడ్డలకు, బాలింతలు పడుకున్న మూసిన గదిలో వద్దు. పొగ చిన్నారి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎవరికైనా ప్రమాదమే.

అయ్యప్ప మాల వేసుకున్నాను. 41 రోజులు రెండు పూటలా చన్నీళ్ల తలస్నానం. జుట్టు పాడవుతుందా?

వట్టి నీళ్లు షాంపూలా జిడ్డును లాగేయవు, కాబట్టి భయపడేంత ఏమీ లేదు. ఇబ్బంది అంతా ఆరకపోవడంతోనే. తెల్లవారుజామున స్నానం చేసి, తడి తల మీదే తువ్వాలు బిగించి పూజకు కూర్చుంటే మాడు గంటల తరబడి నానుతుంది. దురద, చిన్న కురుపులు వచ్చేది అలా. నీళ్లు పోసుకున్న వెంటనే పొడి తువ్వాలుతో మాడు దాకా ఒత్తి తుడుచుకోండి, ఉదయం వాడిన తువ్వాలు సాయంత్రానికి మార్చండి. దీక్షలో క్షవరం ఉండదు కాబట్టి మాల వేసుకునే ముందే జుట్టు బాగా పొట్టిగా కత్తిరించుకుంటే సగం పని తీరినట్టే. నూనె, షాంపూల విషయంలో నియమాలు ఒక్కో సన్నిధానంలో ఒక్కోలా ఉంటాయి. చుండ్రు మందు తప్పనిసరి అయితే గురుస్వామికి చెప్పి వాడుకోండి.

కార్తీకమాసం అంతా తలస్నానం చేసే స్త్రీలకు కూడా ఇదే. పొడవు జుట్టు రోజూ తడిసి ఆరితే ఉబ్బుతూ కుంచించుకుంటూ బలహీనపడుతుంది. కొసలకు ముందుగా కొద్దిగా కొబ్బరినూనె రాసుకోవడం మంచి రక్షణ. తడి జుట్టు చివర చిన్న ముడి వేసుకుని వదిలేయండి, పూర్తిగా ఆరాకే జడ.

దువ్వితే జుట్టు చిటపటలాడుతూ పైకి లేస్తోంది.

పొడిగాలిలో రాపిడి వల్ల పుట్టే విద్యుత్తు అది. ప్లాస్టిక్ దువ్వెన, ఉన్ని టోపీ, పాలిస్టర్ దిండు గలీబు దానికి తోడ్పడతాయి. వేపచెక్క దువ్వెన వాడండి, అరచేతుల్లో ఒకటి రెండు చుక్కల నూనె రాసి జుట్టు మీద తేలికగా నిమరండి.

మంకీ క్యాప్, హెల్మెట్ వల్ల బట్టతల వస్తుందా?

రాదు. చెమట, మురికి పేరుకుంటే చుండ్రు పెరుగుతుంది, బిగుతుగా ఉంటే నుదుటి దగ్గర వెంట్రుకలు తెగుతాయి. లోపల పలచని నూలు గుడ్డ కట్టుకోండి, టోపీని వారానికోసారైనా ఉతకండి. బట్టతల భయంతో హెల్మెట్ తీసి బండి నడపడం మాత్రం చేయకండి.

చలికాలంలో గోరింటాకు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, మిట్టమధ్యాహ్నం, గంటన్నరకు మించకుండా. గోరింటాకు జుట్టును కొంత పొడిబారుస్తుంది. కడిగిన మర్నాడు నూనె రాసి, ఆపై షాంపూ పెట్టుకోవాలి. నల్ల గోరింటాకు పొడి అని అమ్మేవాటిలో ఎక్కువగా పారాఫినైలిన్ డయమైన్ అనే రసాయన రంగు ఉంటుంది. అది కొందరికి ముఖం వాచేంత ఎలర్జీ తెస్తుంది. చెవి వెనక కొద్దిగా రాసి 48 గంటలు చూడకుండా తలకు పెట్టకండి.

పసిబిడ్డ మాడు మీద పసుపుపచ్చని పెచ్చులు కట్టాయి.

మొదటి నెలల్లో చాలామంది పిల్లలకు వస్తాయి, బిడ్డకు బాధ ఉండదు, తనంతట తానే తగ్గుతాయి. స్నానానికి ముందు కాస్త నూనె రాసి మెత్తబడ్డాక, మెత్తని బ్రష్‌తో తేలికగా రుద్ది, పిల్లల షాంపూతో నూనె మిగలకుండా కడగండి. గోటితో గీకకండి. నీళ్లు పోసే పెద్దావిడ చేతికి వేడి తెలియకపోవచ్చు. బిడ్డ మీద పోసే ముందు మీరు ఒకసారి చూడండి. ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు టోపీ తీసేయాలి, తల ద్వారానే పసివాళ్ల ఒంటి వేడి ఎక్కువగా బయటికి పోతుంది, టోపీ దాన్ని ఆపేస్తే ఒళ్లు అతిగా వేడెక్కుతుంది.

పిల్లలకు ఈ కాలంలోనే పేలు ఎందుకు?

టోపీలు మార్చుకుంటారు, ఒకే దుప్పటిలో దూరతారు, తలలు ఆనించి పడుకుంటారు. పేలు ఎగరవు, దూకవు, పాకుతాయి. తడి జుట్టుకు కండిషనర్ రాసి పేల దువ్వెనతో నాలుగు రోజులకోసారి రెండు వారాలు దువ్వండి. మందు వాడితే గుడ్లు పొదిగే సమయం చూసి 7 నుంచి 10 రోజులకు మళ్లీ వాడాలి. ఇంట్లో అందరి తలలూ చూడండి. కిరోసిన్ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

మేం అమెరికాలో ఉంటున్నాం. ఇండియాలో పనిచేసిన పద్ధతులేవీ ఇక్కడ పనిచేయడం లేదు.

చికాగో, మినియాపొలిస్, టొరంటోల చలి మరో రకం. బయట మైనస్ 10 డిగ్రీల గాలిలో ఘనపు మీటరుకు 2 గ్రాముల పైచిలుకు ఆవిరే ఉంటుంది. దాన్నే హీటరు 21 డిగ్రీలకు వేడి చేస్తే ఇంట్లో తేమ 15 శాతానికి కూడా చేరదు. పైన చెప్పిన ఏ నూనె అయినా ఆ గాలి ముందు తేలిపోతుంది. ముందు గాలి సంగతి చూడాలి: పడకగదిలో హ్యూమిడిఫయర్ పెట్టి తేమను 30 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. అంతకు మించితే కిటికీల దగ్గర బూజు పడుతుంది. దాని తొట్టెను తరచూ కడగాలి.

తడి జుట్టుతో బయటికి వెళితే అక్కడ నిజంగానే గడ్డకట్టి పెళుసుగా తెగుతుంది. డ్రయ్యర్ తప్పదు. ఉన్ని టోపీకి శాటిన్ లేదా పట్టు లోపలి గుడ్డ ఉన్నది ఎంచుకోండి. కడుక్కున్న తర్వాత తడి కొసలకు, మళ్లీ కడగకుండా అలాగే వదిలేసే రకం కండిషనర్ రాయడం అక్కడ అలవాటు చేసుకోవాల్సిన పని.

బయోటిన్ మాత్రలు వేసుకోనా?

బయోటిన్ ఒక విటమిన్, దాని లోపం అరుదు. లోపం లేనివారికి జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా అది రక్త పరీక్షలను తారుమారు చేయగలదు. థైరాయిడ్ ఫలితాలు, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా తప్పుగా రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. వేసుకుంటుంటే రక్తం ఇచ్చే ముందు చెప్పండి. మన ఆడవాళ్లలో ఎక్కువగా చూడాల్సింది ఇనుము. హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ పరీక్ష చేయించుకుంటే స్పష్టత వస్తుంది. నువ్వులు, తోటకూర, పప్పులు, తినేవారికి మాంసం, వాటితో పాటు ఇనుమును ఒంటబట్టించే ఉసిరి ఈ కాలంలో చవకగానే దొరుకుతాయి. భోజనం చేసిన వెంటనే టీ తాగకండి, అది ఇనుమును అడ్డుకుంటుంది.

తిరుమలలో తలనీలాలు ఇచ్చాం. ఈ చలిలో గుండుకు ఏం జాగ్రత్త?

కొండ మీద తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. గంధం ఆరాక మెత్తని నూలు టోపీ పెట్టండి. నేరుగా ఉన్ని పెడితే గుచ్చుకుంటుంది. మొదటి రెండు రోజులు షాంపూ వద్దు, గాట్లు పడిన చోట గోకనివ్వవద్దు. పగలు ఎండకు కమలకుండా కప్పి ఉంచాలి. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్న ఆశతో చేయించిన వారు మాత్రం ఆ మొక్కును దేవుడి ఖాతాలోనే ఉంచుకోవడం మంచిది. కత్తి కుదురును తాకదు. మొద్దుగా తెగిన కొస వల్ల కొత్త జుట్టు మందంగా తోస్తుంది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

రూపాయి బిళ్లంత మేర ఒక్కచోటే జుట్టు పోతే, పాపిడి వెడల్పవుతూ ఉంటే, చుండ్రు షాంపూ సరిగ్గా నెల రోజులు వాడినా తగ్గకపోతే. వెండి రంగులో మందంగా పెచ్చులు కట్టి, నుదుటి మీదికి పాకి, మోచేతులు, మోకాళ్ల మీదా కనిపిస్తే సోరియాసిస్ కావచ్చు, అది చలికాలంలో పెరుగుతుంది. పిల్లల తల మీద వెంట్రుకలు తెగి, చీము కారే మచ్చలుంటే తామర అనుమానించాలి. దానికి పైపూతలు చాలవు, నోటి ద్వారా మందు కావాలి. నూనె రాస్తూ రోజులు గడపవద్దు.

ఈ జాగ్రత్తలు ఎప్పటి వరకు?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఫిబ్రవరి చివరికి నూనె తగ్గించి, తలంటు పెంచండి. విడిపోయిన కొసలను ఏ నూనే అతికించదు కాబట్టి అంగుళం మేర కత్తిరించేయండి. చుండ్రు షాంపూను మాత్రం రెండు వారాలకోసారి వాడుతూనే ఉండాలి. మార్చిలో చెమట మొదలైతే అది మళ్లీ మొహం చూపిస్తుంది.